ఫార్ములా తీసేసి విలువను మాత్రం ఉంచుకోవడం ఎలా?

ఒకసారి 23 మందికి, చీట్లు తీసినట్టుగా, వరుస నంబర్లు కేటాయించే పని నా మీద పడింది. ఎక్సెల్ షీట్‌లో పేర్ల పక్కన, తోచిన అంకె ఏదో ఒకటి ఇచ్చే ర్యాండ్ ఫంక్షన్ పెట్టాను. దాని పక్కన ర్యాంక్ ఫంక్షన్‌తో 1 నుంచి 23 వరకు వరుస తేల్చాను. అందరికీ స్క్రీన్ మీద చూపించి "ఇదే ఫైనల్" అనేశాను. సేవ్ చేయబోతుంటే హెడింగ్‌లో ఒక అక్షరం తప్పు కనబడింది. దాన్ని దిద్ది ఎంటర్ కొట్టానో లేదో, వరుసంతా మారిపోయింది. మొదటి నంబరు వచ్చినాయన 17కి జారిపోయాడు. కంట్రోల్+జెడ్ కొడితే హెడింగ్ వెనక్కి వచ్చింది గానీ పాత వరుస రాలేదు. అన్‌డూ కూడా షీట్‌కి ఒక మార్పే కదా, దానితో మళ్లీ లెక్క జరిగి ఇంకో కొత్త వరుస వచ్చింది. ఆ తర్వాత జరిగిన రభస ఇక్కడ ఎందుకులెండి.

రెండు సెకన్ల పని చేయకపోవడం వల్ల వచ్చిన తంటా అది. ఫార్ములా ఉన్న సెల్‌లో మనకు కనబడే అంకె నిలకడైనది కాదు. అది చివరిసారి లెక్క వేసినప్పుడు వచ్చిన జవాబు, అంతే. ఆధారం మారితే అదీ మారుతుంది. టుడే, నౌ, ర్యాండ్, ర్యాండ్‌బిట్వీన్ లాంటివైతే ఆధారం మారకపోయినా మారతాయి. ఆ అంకె ఇక కదలకూడదు అనుకున్నప్పుడు ఫార్ములాను తీసేసి దాని స్థానంలో జవాబును మాత్రం ఉంచాలి. చేయడం తేలికే. చేసే ముందు ఏం చూసుకోవాలన్న దగ్గరే చాలామంది దెబ్బతింటారు. అందుకే పద్ధతులు గబగబా చెప్పేసి, మిగతా విషయాల దగ్గర కాస్త ఆగుతాను.

అసలు పద్ధతి

1. ఫార్ములాలు ఉన్న సెల్స్ సెలెక్ట్ చేయండి.
2. కంట్రోల్+సి కొట్టండి. చుట్టూ కదిలే చుక్కల గీత వస్తుంది.
3. సెలెక్షన్ కదపకుండా, అక్కడే రైట్ క్లిక్ చేసి, పేస్ట్ ఆప్షన్స్‌లో 123 అని రాసి ఉన్న చిన్న బొమ్మ నొక్కండి. అదే వాల్యూస్.
4. ఎస్కేప్ నొక్కితే చుక్కల గీత పోతుంది.

ఇప్పుడు ఏదో ఒక సెల్ మీద నిలబడి పైన ఫార్ములా బార్ చూడండి. ఇంతకుముందు =బి2*సి2 అని ఉన్న చోట 450 అని ఉంటే పని అయినట్టే. రంగులు, గీతలు, సెల్ ఫార్మాట్ అన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి.

రోజుకి పదిసార్లు చేసేవాళ్లకి మౌస్ దండగ. ఎక్సెల్ కొత్త వెర్షన్లలో కంట్రోల్+సి, ఆ వెంటనే కంట్రోల్+షిఫ్ట్+వి చాలు. మీ ఎక్సెల్ పాతదై అది పని చేయకపోతే కంట్రోల్+ఆల్ట్+వి కొట్టండి, పేస్ట్ స్పెషల్ బాక్స్ తెరుచుకుంటుంది, అందులో వి నొక్కి ఎంటర్ కొట్టండి. ఆల్ట్ నొక్కి వదిలి, హెచ్, వి, వి అని వరుసగా కొట్టినా అదే పని. గూగుల్ షీట్స్‌లోనూ కంట్రోల్+షిఫ్ట్+వి నే.

లిబ్రేఆఫీస్ కాల్క్ వాడేవాళ్లకి ఇంకా సుఖం, కాపీ చేయడం కూడా అక్కర్లేదు. సెల్స్ సెలెక్ట్ చేసి, డేటా మెనూలో కాల్క్యులేట్‌కి వెళ్లి ఫార్ములా టు వాల్యూ నొక్కితే సరి. ఇలాంటి ఒక్క బటన్ ఎక్సెల్‌లో ఎందుకు పెట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎక్సెల్‌లో నాకు బాగా నచ్చిన పద్ధతి ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు. సెల్స్ సెలెక్ట్ చేసి, ఆ సెలెక్షన్ అంచు మీదకి మౌస్ తీసుకెళ్లండి, నాలుగు దిక్కుల బాణం గుర్తు వస్తుంది. అక్కడ మౌస్ కుడి బటన్ నొక్కి పట్టుకుని, సెలెక్షన్‌ని పక్క కాలమ్ మీదకి లాగి, బటన్ వదలకుండా మళ్లీ పాత చోటికే తెచ్చి వదిలేయండి. చిన్న మెనూ వస్తుంది. అందులో కాపీ హియర్ యాజ్ వాల్యూస్ ఓన్లీ నొక్కండి. రాసుకుంటే నాలుగు వాక్యాలైంది గానీ చేత్తో అలవాటైతే కీబోర్డ్ కంటే ఇదే వేగం.

ఒక్క సెల్ మాత్రమే అయితే

ఒక్క సెల్ కోసం కాపీ, పేస్ట్ ఎందుకు? ఎక్సెల్‌లో ఆ సెల్ మీద ఎఫ్2 నొక్కండి, ఫార్ములా ఎడిట్‌లోకి వస్తుంది. ఎఫ్9 నొక్కండి, ఫార్ములా మొత్తం జవాబుగా మారిపోతుంది. ఎంటర్ కొట్టండి.

దీన్లో ఇంకో సౌలభ్యం ఉంది. ఫార్ములాలో కొంత భాగాన్ని మాత్రమే స్థిరం చేయొచ్చు. ఉదాహరణకి =బి2*సమ్(డి2:డి40) అని ఉందనుకోండి. బి2 మారుతూ ఉండాలి, ఆ మొత్తం మాత్రం ఇవాళ్టిదే ఉండిపోవాలి. ఎఫ్2 నొక్కి, సమ్(డి2:డి40) అన్నంత వరకే మౌస్‌తో సెలెక్ట్ చేసి ఎఫ్9 కొడితే =బి2*1860 లాగా మారుతుంది. ఇదే కిటుకుతో పొడుగాటి ఫార్ములాలో ఎక్కడ తప్పుందో కూడా పట్టుకోవచ్చు. ఒక్కో ముక్కా సెలెక్ట్ చేసి ఎఫ్9 కొట్టి చూడటం, చూశాక ఎస్కేప్ కొట్టడం. ఇక్కడ ఎస్కేప్ ముఖ్యం. అలవాటుగా ఎంటర్ కొట్టారంటే చూద్దామని తెరిచిన ఫార్ములా కాస్తా అంకె అయి కూర్చుంటుంది.

పేస్ట్ కొట్టే ముందు

ఫార్ములా ఒకసారి పోయాక, ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పేది ఏదీ ఉండదు. ఫైల్ మూసేదాకా కంట్రోల్+జెడ్ ఉంటుంది, గూగుల్ షీట్స్‌లో వెర్షన్ హిస్టరీ ఉంటుంది. ఆరు నెలల తర్వాత "ఈ 1860 ఎక్కడిది?" అని ఎవరైనా అడిగితే మాత్రం అవి ఆదుకోవు. నేను పాటించే పద్ధతి ఇది: కింద షీట్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, మూవ్ ఆర్ కాపీలోకి వెళ్లి, క్రియేట్ ఏ కాపీ టిక్ పెట్టి, ముందు నకలు తీస్తాను. ఫార్ములాలు అసలు షీట్‌లోనే ఉంటాయి, విలువలుగా మార్చేది నకలులో. అంత అవసరం లేదనిపిస్తే కనీసం ఒక ఖాళీ సెల్‌లో ఫార్ములాటెక్స్ట్ ఫంక్షన్‌తో ఆ ఫార్ములాను అక్షరాలుగా తెచ్చుకుని, ముందుగా దాన్ని విలువగా పేస్ట్ చేసి పెట్టుకోండి. ఆ తర్వాతే అసలు కాలమ్ జోలికి వెళ్లండి. ఈ వరుస తప్పితే ఫార్ములాటెక్స్ట్‌కి చూపించడానికి ఫార్ములా ఉండదు, ఎర్రర్ వస్తుంది.

తర్వాత లెక్క తాజాగా ఉందా అన్నది. పెద్ద ఫైళ్లు నెమ్మదిస్తున్నాయని చాలామంది ఫార్ములాస్ ట్యాబ్‌లో కాల్క్యులేషన్ ఆప్షన్స్‌ని మాన్యువల్‌లో పెట్టేస్తారు. అలా ఉంటే స్క్రీన్ మీద కనబడేది నిన్నటి జవాబు కావచ్చు. కింద స్టేటస్ బార్‌లో కాల్క్యులేట్ అన్న మాట కనబడితే అది అనుమానించాల్సిన సంగతే. ఎఫ్9 ఒకసారి కొట్టి, ఆ తర్వాత కాపీ చేయండి. గూగుల్ షీట్స్‌లో ఇంపోర్ట్‌రేంజ్, గూగుల్‌ఫైనాన్స్ లాంటి, బయటి నుంచి డేటా తెచ్చే ఫంక్షన్లు ఉంటే డేటా మొత్తం వచ్చేదాకా ఆగండి.

ఎర్రర్లు కూడా అంతే. #ఎన్/ఏ, #రెఫ్! లాంటివి ఉన్నవి ఉన్నట్టే గడ్డకడతాయి. ఫార్ములా ఉండగా దిద్దడం తేలిక, పోయాక అక్కడ ఏముండాలో మీరే వెతుక్కోవాలి.

కనబడేది వేరు, ఉన్నది వేరు

నేను ఎక్కువమందిని ఇరుక్కోగా చూసింది ఇక్కడే. 100ని ముగ్గురికి పంచారనుకోండి. మూడు సెల్స్‌లో =100/3. రెండు దశాంశాలు పెట్టారు కాబట్టి ఒక్కోదాంట్లో 33.33 కనబడుతుంది. కింద మొత్తం 100.00. వీటిని వాల్యూస్‌గా పేస్ట్ చేస్తే సెల్‌లోకి 33.33 వెళ్లదు, 33.3333333333333 వెళ్తుంది. ఎక్సెల్ 15 అంకెల వరకు ఉంచుకుంటుంది, స్క్రీన్ మీద ఎన్ని చూపించాలన్నది ఫార్మాట్ చూసుకునే పని. దీన్ని ప్రింట్ తీసి ఇస్తే ఎవరో కాల్క్యులేటర్ తీసి 33.33 మూడుసార్లు కూడతారు. 99.99 వస్తుంది. "మీ షీట్ తప్పు" అంటారు. షీట్‌లో తప్పు లేదు, కానీ వాళ్ల కాల్క్యులేటర్‌లోనూ తప్పు లేదు.

కనబడే అంకే నిజంగా ఉండాలంటే ఫార్ములా బతికి ఉన్నప్పుడే =రౌండ్(100/3,2) చేసి, ఆ తర్వాత విలువగా మార్చండి. అప్పుడు మొత్తం 99.99 వస్తుంది, ఆ మిగిలిన 0.01 ఎవరి ఖాతాలో వేయాలో మీరే తేల్చుకోవాలి. తలనొప్పే, కానీ దాచిపెట్టిన తలనొప్పి కంటే నయం. ఎక్సెల్ ఆప్షన్స్‌లో సెట్ ప్రెసిషన్ యాజ్ డిస్‌ప్లేడ్ అని ఒక టిక్ ఉంది, దాన్ని పెడితే వర్క్‌బుక్‌లోని అంకెలన్నీ కనబడినట్టే కత్తిరించబడతాయి. ఆ టిక్ తీసేసినా పోయిన దశాంశాలు రావు. నా సలహా అడిగితే దాని జోలికి పోవద్దు.

తేదీలది ఇంకో రకం గందరగోళం. వాల్యూస్‌ని వేరే షీట్‌లో పేస్ట్ చేస్తే తేదీ ఉండాల్సిన చోట 45292 అని వచ్చి కంగారు పెడుతుంది. ఎక్సెల్ తేదీని రోజుల లెక్కగా దాచుకుంటుంది. 45292 అంటే 2024 జనవరి 1. ఏమీ పోలేదు, సెల్ ఫార్మాట్‌ని డేట్‌కి మార్చండి. లేదా మొదటే పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్ అండ్ నంబర్ ఫార్మాట్స్ ఎంచుకోండి.

ఖాళీ కాని ఖాళీలు

=ఇఫ్(బి2>0,బి2*సి2,"") లాంటి ఫార్ములాలు మనందరం రాస్తాం. లెక్క లేని చోట సున్నాలు కనబడకుండా శుభ్రంగా ఉండాలని. దీన్ని విలువగా మార్చాక ఆ "" ఉన్న సెల్స్ చూడ్డానికి ఖాళీగానే ఉంటాయి, ఫార్ములా బార్‌లో కూడా ఏమీ ఉండదు. కానీ అవి ఖాళీ కావు. లోపల పొడవు లేని ఒక టెక్స్ట్ ఉంటుంది. ఖాళీ కాని సెల్స్ ఎన్నో చెప్పే కౌంట్ఏ వాటినీ లెక్కపెడుతుంది. సెల్ ఖాళీయేనా అని చూసే ఈజ్‌బ్లాంక్ ఫాల్స్ (కాదు) అంటుంది. ఎఫ్5 కొట్టి స్పెషల్ నొక్కితే వచ్చే గో టు స్పెషల్‌లో బ్లాంక్స్ అంటే ఇవి దొరకవు. నేరుగా =డి2+డి3 అని కూడితే #వాల్యూ! వస్తుంది. నేను ఒకసారి సాయంత్రమంతా "ఖాళీ సెల్‌ని కూడితే ఎర్రర్ ఏంటి?" అని తల పట్టుకున్నాను.

మందు సులువే. ఆ కాలమ్‌కి ఫిల్టర్ పెట్టి బ్లాంక్స్ మాత్రం టిక్ చేయండి. వచ్చిన సెల్స్ అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టండి. ఇప్పుడవి నిజంగా ఖాళీ.

దీనికి కజిన్ లాంటిది టెక్స్ట్‌గా మారిన అంకె. లెఫ్ట్, రైట్, మిడ్, టెక్స్ట్ ఫంక్షన్ల నుంచి వచ్చేది అంకెలా కనబడినా అక్షరాల కిందే లెక్క. విలువగా పేస్ట్ చేసినా అలాగే ఉంటుంది, సమ్ దాన్ని పట్టించుకోదు. సెల్‌లో ఎడమవైపుకి అతుక్కుని ఉండటం దాని ఆనవాలు. మార్చే ముందే ఫార్ములాకి వాల్యూ ఫంక్షన్ తొడగండి. మార్చేశాక గుర్తొస్తే, ఒక ఖాళీ సెల్‌లో 1 టైప్ చేసి కాపీ చేసి, ఆ కాలమ్ సెలెక్ట్ చేసి, పేస్ట్ స్పెషల్‌లో మల్టిప్లై ఎంచుకోండి. అయితే 00457 లాంటి కోడ్ నంబర్ల మీద ఇది చేయకండి, ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. కోడ్ నంబర్లు టెక్స్ట్‌గా ఉండటమే సరైనది.

పేస్ట్ మొండికేసే చోట్లు

ఫిల్టర్ ఉన్న షీట్‌లో ఈ పని చేయకండి. కాపీలోకి కనబడే వరుసలే వెళ్తాయి, పేస్ట్ మాత్రం దాగి ఉన్న వరుసల్లోకి జారవచ్చు. తప్పు జరిగినట్టు ఆ క్షణంలో తెలియదు కూడా. ముందు ఫిల్టర్ తీసేయండి. కొన్ని వరుసలే స్థిరం చేయాలంటే, పక్కన 1, 2, 3 అని వరుస సంఖ్యల కాలమ్ ఒకటి టైప్ చేసి, కావలసినవన్నీ ఒక చోటికి వచ్చేలా సార్ట్ చేసి, మార్చి, మళ్లీ ఆ సంఖ్యల ప్రకారం సార్ట్ చేసి యథాస్థానానికి తెచ్చుకోండి. పై వరుసలోని సెల్‌ని వాడుకునే ఫార్ములాలు, అంటే రన్నింగ్ టోటల్ లాంటివి ఉంటే మాత్రం సార్ట్ వద్దు. అక్కడ ముక్కలు ముక్కలుగా మార్చుకోవడమే.

ఫిల్టర్, యూనిక్, సార్ట్ లాంటి కొత్త ఫంక్షన్లు ఒక్క సెల్‌లో రాస్తే జవాబు కిందికి పొంగి పరుచుకుంటుంది. ఫార్ములా ఉండేది పై సెల్‌లోనే, మిగతావి దాని నీడలు. పై సెల్ ఒక్కటే విలువగా మార్చారంటే కిందవన్నీ మాయం. మధ్యలో ఒకదాని మీద విలువ పేస్ట్ చేస్తే పైన #స్పిల్! అని వస్తుంది. కాబట్టి పరుచుకున్న ప్రాంతమంతా సెలెక్ట్ చేసి ఒకేసారి మార్చాలి. గూగుల్ షీట్స్‌లో ఎరేఫార్ములాకీ ఇదే వర్తిస్తుంది, అక్కడ మధ్యలో అడ్డం పడితే వచ్చేది #రెఫ్!.

మెర్జ్ చేసిన, అంటే ఒకటిగా కలిపేసిన సెల్స్ ఉంటే పేస్ట్ గొడవ పెట్టవచ్చు. అన్‌మెర్జ్ చేసి చూడండి. అసలు లెక్కలున్న చోట మెర్జ్ ఎందుకు చేశారన్నది వేరే చర్చ.

మ్యాక్రోతో చేయాలనుకునేవారికి

మ్యాక్రో అంటే ఎక్సెల్‌లో పనిని దానంతట అదే చేసే చిన్న ప్రోగ్రాం. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా "సెలెక్షన్ వాల్యూకి సెలెక్షన్ వాల్యూనే ఇవ్వండి" అన్న ఒక్క లైన్ మ్యాక్రో దొరుకుతుంది. పని చేస్తుంది, కానీ పేస్ట్ వాల్యూస్‌తో పూర్తిగా సమానం కాదు. జనరల్ ఫార్మాట్‌లో ఉన్న సెల్‌లో ఫార్ములా 00457 అనే టెక్స్ట్ ఇస్తుంటే, ఈ మ్యాక్రో తర్వాత అది 457 అయిపోతుంది, టైప్ చేసినట్టుగా ఎక్సెల్ దాన్ని అంకెగా చదువుకుంటుంది కాబట్టి. కరెన్సీ ఫార్మాట్ ఉన్న సెల్స్‌లో వాల్యూ నాలుగు దశాంశాల దగ్గర ఆగిపోతుంది, వాల్యూ2 వాడితే ఆ ఇబ్బంది ఉండదు. కంట్రోల్ పట్టుకుని వేర్వేరు చోట్ల సెలెక్ట్ చేసి నడిపిస్తే అంతా గందరగోళమే. వీటన్నిటికంటే ముఖ్యం, మ్యాక్రో చేసినదానికి కంట్రోల్+జెడ్ లేదు. మ్యాక్రోలోనే కాపీ, పేస్ట్ స్పెషల్ వాల్యూస్ రాసుకుంటే మొదటి రెండు చిక్కులూ తప్పుతాయి.

వేరే ఫైల్ మీద ఆధారపడ్డ ఫార్ములాలే మీ సమస్య అయితే మ్యాక్రో అక్కర్లేదు. డేటా ట్యాబ్‌లో ఎడిట్ లింక్స్ ఉంటుంది, కొత్త వెర్షన్లలో దాని పేరు వర్క్‌బుక్ లింక్స్. అందులో బ్రేక్ లింక్ కొడితే ఆ ఫైల్‌ని వాడుకునే ఫార్ములాలు మాత్రమే విలువలవుతాయి, మిగతావి బతికే ఉంటాయి. దీనికీ అన్‌డూ లేదు, ముందు ఫైల్ నకలు తీసుకోండి.

ఎప్పుడు వద్దు

ఒకే కాలమ్‌లో సగం ఫార్ములాలు, సగం స్థిరమైన అంకెలు ఉంచడం నేను చూసినంతలో అన్నిటికంటే చెడ్డ అలవాటు. పైనుంచి చూస్తే తేడా తెలియదు. రేటు మారుస్తారు, సగం వరుసలు మారతాయి, సగం మారవు, మొత్తం మాత్రం నమ్మకంగా ఏదో ఒకటి చూపిస్తుంది. తప్పనిసరైతే స్థిరం చేసిన భాగానికి వేరే రంగు వేయండి, హెడింగ్‌లో ఏ తేదీ నాటి విలువలో రాయండి. ఆ తేదీ కోసం టుడే ఫంక్షన్ వాడకండి సుమా, రేపటికి అదీ మారుతుంది. కంట్రోల్ పట్టుకుని సెమీకోలన్ కొడితే ఇవాళ్టి తేదీ మారకుండా పడుతుంది.

ఇంకా అంకెలు వస్తూ ఉన్న పట్టికలో కూడా తొందరపడొద్దు. ఫైల్ నెమ్మదిగా ఉందని ఫార్ములాలన్నీ తీసేసేవాళ్లున్నారు. మూసేసిన నెలలవి తీసేయండి, సరే. నడుస్తున్న నెలది ఉంచండి.

అంతా అయిందో లేదో చూడటానికి

ఫైల్ ఎవరికైనా పంపే ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి. ఏదో ఒక్క సెల్ మాత్రమే సెలెక్ట్ చేసి, ఎఫ్5 కొట్టి, స్పెషల్ నొక్కి, ఫార్ములాస్ ఎంచుకుని ఓకే అనండి. మిగిలిపోయిన ఫార్ములాలన్నీ సెలెక్ట్ అయి కనబడతాయి. నో సెల్స్ వర్ ఫౌండ్ అన్న మెసేజ్ వస్తే ఆ షీట్ శుభ్రం. షీట్‌కి ఒకసారి చొప్పున చేయాలి, హైడ్ చేసిన షీట్లను అన్‌హైడ్ చేసి మరీ చేయాలి. అప్పటికీ ఫైల్ తెరిచినప్పుడు లింకులు అప్‌డేట్ చేయాలా అని అడుగుతుంటే సెల్స్‌లో వెతకడం మానేసి ఫార్ములాస్ ట్యాబ్‌లో నేమ్ మేనేజర్ తెరవండి, తర్వాత కండిషనల్ ఫార్మాటింగ్, డేటా వ్యాలిడేషన్ చూడండి. పేస్ట్ వాల్యూస్ వాటిని ముట్టుకోదు, పాత ఫైల్ పేరు సాధారణంగా వాటిలో ఒకదాంట్లో దొరుకుతుంది.